కింద గడ్డ తగిలితే ముందు ఎక్కడుందో చూడండి

"మేడం, కింద ఏదో తగులుతోంది."

గైనకాలజీ ఓపీలో నేను తరచుగా వినే మాట ఇది. చెప్పేటప్పుడు దాదాపు అందరి గొంతూ తగ్గిపోతుంది. స్నానం చేస్తుంటే చేతికి తగిలిందంటారు. ఎప్పట్నుంచి అని అడిగితే నెలలంటారు, ఒక్కోసారి ఏళ్లంటారు. అన్నాళ్లూ భర్తకు చెప్పలేక, అమ్మకూ చెప్పలేక, క్యాన్సరేమోనన్న టెన్షన్‌తో లోపల్లోపలే నలిగిపోయి ఉంటారు. పరీక్ష చేసి చూస్తే ఎక్కువమందిలో అది ప్రమాదం లేని నీటితిత్తి గానీ, చర్మంలో పుట్టిన చిన్న కంతి గానీ అయ్యుంటుంది. కొందరిలో అసలు జబ్బే ఉండదు. ఒంట్లో మొదట్నుంచీ ఉన్నదే ఆ రోజు కొత్తగా చేతికి తగిలి ఉంటుంది.

అలాగని అందరికీ "ఏం కాదులే అమ్మా" అని ఒకే మాట చెప్పి పంపేయడానికి వీల్లేదు. కొద్దిమందిలో అది నిజంగానే క్యాన్సరో, క్యాన్సర్‌కు ముందు దశో అవుతుంది. ఆ కొద్దిమందిని పోల్చుకోవడానికి ఒక పద్ధతుంది. జూనియర్ డాక్టర్లకు నేను మొదటి రోజే చెప్పేది కూడా అదే: గడ్డ ఎలా ఉందో చూసే ముందు ఎక్కడుందో చూడండి. ఆ భాగంలో ఒక్కో గ్రంథికి ఒక్కో స్థిరమైన చోటుంది. చోటు తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. ఆ పద్ధతినే మీకు పనికొచ్చేలా ఇక్కడ రాస్తున్నాను. దీన్ని చదివి వైద్యం మీరే చేసుకోవద్దు. ఏది చూసి భయపడాలో, ఏది చూసి అక్కర్లేదో తెలుసుకోండి. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు సిగ్గుపడకుండా సూటిగా చెప్పండి.

చూసుకోవడం ఎలా

చేతులు సబ్బుతో కడుక్కుని, గోళ్లు పొడవుగా ఉంటే కత్తిరించుకుని, తలుపు వేసుకుని నిదానంగా చూసుకోండి. మంచి వెలుతురు, ఒక చేతి అద్దం చాలు. మంచం అంచున కూర్చుని మోకాళ్లు దూరంగా పెట్టినా, గొంతుక్కూర్చున్నా ఫరవాలేదు.

ముందు గడ్డను వదిలేసి మొత్తం భాగాన్ని చూడండి. వెంట్రుకలున్నవి బయటి పెదవులు. వాటి మధ్య వెంట్రుకల్లేకుండా పలుచగా ఉండేవి లోపలి పెదవులు. వాటిని విడదీస్తే తడిగా, గులాబీ రంగులో ఒక చోటు కనిపిస్తుంది. దాని పైకొసన క్లిటోరిస్, దాని కింద చిన్నగా మూత్రద్వారం, ఇంకా కింద యోనిద్వారం, ఆ తర్వాత మలద్వారం వరకు చర్మం. చాలామంది ఆడవాళ్లు ఈ భాగాన్ని జీవితంలో ఒక్కసారి కూడా చూసుకుని ఉండరు. మామూలుగా ఎలా ఉంటుందో తెలియనప్పుడు కొత్తగా వచ్చిందేమిటో ఎలా తెలుస్తుంది? అందుకే ఏ ఇబ్బందీ లేనప్పుడు కూడా అప్పుడప్పుడు చూసుకోమని చెప్తాను.

ఇప్పుడు యోనిద్వారాన్ని గడియారం ముఖంగా అనుకోండి. క్లిటోరిస్ వైపు 12, మలద్వారం వైపు 6. గడ్డ ఎన్ని గంటల దగ్గరుందో, మీ కుడి వైపా, ఎడమ వైపా గుర్తుపెట్టుకోండి. తర్వాత బొటనవేలు బయట, చూపుడువేలు లోపల పెట్టి గడ్డను రెండు వేళ్ల మధ్య మెల్లగా పట్టి చూడండి. మీ నోటి పెదవిని నొక్కితే తెలిసే మెత్తదనమా, ముక్కు కొనను నొక్కినట్టు కాస్త గట్టిగా ఉందా, నుదురు నొక్కినట్టు రాయిలా ఉందా? చర్మం కింద అటూఇటూ కదులుతోందా, అతుక్కుపోయి ఉందా? పైచర్మం మామూలుగా ఉందా, ఎర్రబడిందా, తెల్లబడిందా, పుండు పడిందా?

చివరగా లేచి నిలబడి ఒకసారి దగ్గండి. దగ్గినప్పుడు గడ్డ ఉబికి, పడుకుంటే తగ్గిపోయేది ఉందంటే దాని కథ వేరు. అది కింద చెప్తాను.

పిసకొద్దు, సూదితో పొడవొద్దు, ఆకుపసర్లూ పులిపిర్లకు పూసే యాసిడ్ మందులూ రాయొద్దు. అక్కడి చర్మం చాలా పలుచన. పుండు పడితే, అసలు ఏముందో ఆ తర్వాత చూసేవాళ్లకు కూడా అర్థం కాదు.

జబ్బు కానివి

గడ్డల గురించి చెప్పే ముందు వీటి గురించి చెప్పాలి. వీటికి అనవసరంగా వైద్యం చేయించుకుని వచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

లోపలి పెదవులు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఉండటం మామూలే. వాటి లోపలి వైపు 1 నుంచి 3 మిల్లీమీటర్ల లేత పసుపు చుక్కలు గుంపులుగా కనిపిస్తే అవి నూనె గ్రంథులు. ఫోర్డైస్ చుక్కలంటారు. చర్మాన్ని కాస్త లాగితే ఇంకా బాగా కనిపిస్తాయి. వాటికి ఏ మందూ అక్కర్లేదు.

ఇంకొకటి, లోపలి పెదవుల లోపలి అంచున, యోనిద్వారం చుట్టూ వేళ్లలా పొడుచుకొచ్చిన సన్నని, మెత్తని మొలకలు. వెస్టిబ్యులర్ పాపిల్లోమాటోసిస్ అని దీని పేరు. పేరు పెద్దదే కానీ ఇది జబ్బు కాదు. అంటుకోదు, క్యాన్సర్‌గా మారదు. చూపుకు మాత్రం హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే పులిపిర్లలా ఉంటుంది. పెళ్లి కుదిరిన ఒకమ్మాయి ఏడుస్తూ నా దగ్గరికొచ్చింది. ఎక్కడో చూపించుకుంటే అవి సుఖవ్యాధి పులిపిర్లని చెప్పి కాల్చేయాలన్నారట. ఆ అమ్మాయికి అప్పటికి ఎవరితోనూ ఎలాంటి కలయికా లేదు. మంచి లైట్ కింద చూస్తే రెండు వైపులా ఒకే వరసలో, ఒకే తీరున ఉన్నాయి. ప్రతి మొలకకూ దాని మొదలు దానికి విడిగా ఉంది. రంగు చుట్టూ ఉన్న పొరలాగే గులాబీ. ముట్టుకుంటే మెత్తగా ఉన్నాయి. పులిపిర్లు అలా ఉండవు. అవి ఒక పద్ధతి లేకుండా అక్కడొకటి ఇక్కడొకటి వస్తాయి, కొంచెం గట్టిగా ఉంటాయి, నాలుగైదు మొలకలు ఒకే మొదలు నుంచి పుట్టుకొస్తాయి. వారాల తేడాలో పెరుగుతాయి, కొత్త చోట్లకు పాకుతాయి. జననాంగాల పులిపిర్లలో దాదాపు 90 శాతానికి హెచ్‌పీవీలో 6, 11 రకాలే కారణం. ఇవి క్యాన్సర్ తెచ్చే రకాలు కావు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్ రాస్తే తెల్లబడింది కాబట్టి పులిపిరే అని తేల్చేయడం కూడా సరికాదు. మామూలు మొలకలు కూడా తెల్లబడతాయి. ఆ అమ్మాయికి మందేమీ రాయలేదు. అద్దం చేతికిచ్చి, వేలు పెట్టి చూపించి పంపాను.

4 గంటల దగ్గర, 8 గంటల దగ్గర

యోనిద్వారం కింది భాగంలో, ఇటో అటో పక్కన ఉబ్బు ఉందంటే మొదట తలచుకోవాల్సింది బార్తొలిన్ గ్రంథినే. రెండు వైపులా ఒక్కోటి ఉంటుంది, అరసెంటీమీటరంత. మామూలుగా చేతికి తగలదు. అందులోంచి సుమారు 2.5 సెంటీమీటర్ల సన్నని గొట్టం బయల్దేరి కన్నెపొరకూ లోపలి పెదవికీ మధ్య తెరుచుకుంటుంది. గ్రంథిలో ఊరే జిగురు ఆ గొట్టం గుండా వచ్చి అక్కడి చర్మాన్ని తడిగా ఉంచుతుంది. ఆ గొట్టం నోరు మూసుకుపోతే జిగురు వెనకే నిలబడిపోయి తిత్తి తయారవుతుంది. నూటికి ఇద్దరు ఆడవాళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఈ తిత్తి గానీ, ఇందులో చీము గానీ కనిపిస్తుందని అంచనా. ఇరవైలు, ముప్పైల వయసులో ఎక్కువ.

చిన్నదైతే నొప్పి ఉండదు. గుండ్రంగా, నునుపుగా, నొక్కితే నీళ్లున్నట్టు తెలుస్తుంది. ఒక వైపే ఉంటుంది. లోపలి పెదవి వెనక భాగం ఆ గడ్డ మీదుగా సాగినట్టు కనిపించడం దీని గుర్తు. వేరే కంతులు బయటి పెదవి పైభాగాన ఉంటాయి కానీ ఇలా యోనిద్వారాన్ని ఒక పక్కకు తోసేయవు. పెద్దదైతే నడిచేటప్పుడు ఒరుసుకుంటుంది, కలయికప్పుడు ఇబ్బంది పెడుతుంది.

రెండు మూడు రోజుల్లో గబగబా పెరిగి, ఎర్రబడి, వేడెక్కి, కూర్చోనివ్వకుండా నడవనివ్వకుండా చేస్తే అందులో చీము పట్టిందని అర్థం. ఇలాంటి పేషెంటు గది లోపలికి నడిచి వచ్చే తీరులోనే విషయం తెలిసిపోతుంది. కాళ్లు దూరం పెట్టి మెల్లగా నడుస్తారు. కూర్చోమంటే ఒక పిర్ర మీద ఒరిగి కూర్చుంటారు.

నొప్పి లేని చిన్న తిత్తి ఉండి, మీ వయసు 40 లోపైతే ఏమీ చేయక్కర్లేదు. రోజుకు మూడు నాలుగు సార్లు గోరువెచ్చటి నీళ్ల టబ్‌లో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే కొన్ని దానంతటవే తగ్గుతాయి. ఇన్ఫెక్షన్ లేని తిత్తికి యాంటీబయాటిక్స్ వేసుకుని లాభం లేదు. చీము పడితే మాత్రం దాన్ని బయటికి పంపాలి. ఒట్టి గాటు పెట్టి చీము తీసేస్తే ఆ పూటకు హాయిగానే ఉంటుంది, కానీ గాటు మూసుకోగానే మళ్లీ నిండుతుంది. అందుకే చిన్న బెలూన్ ఉన్న వర్డ్ కేథటర్ అనే సన్నని గొట్టాన్ని సుమారు నాలుగు వారాలు లోపల ఉంచుతారు. లేదా తిత్తి అంచులను చర్మానికి కుట్టి కొత్త నోరు తయారు చేస్తారు. రెండూ కొత్త దారి మూసుకుపోకుండా ఉండటానికే. మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టర్‌ను ఈ విషయం అడగండి: "పోయినసారి గాటు పెట్టి వదిలేశారా, దారి ఉంచారా?" పాత చీటీ దగ్గరుంటే తీసుకెళ్లండి. తీసిన చీమును ల్యాబ్‌కు పంపితే ఏ సూక్ష్మజీవో తెలుస్తుంది. ఎక్కువసార్లు మన పేగుల్లో ఉండే ఇ.కోలి అనే బ్యాక్టీరియా లాంటివే కనిపిస్తాయి. కలయిక ద్వారా వచ్చే గనేరియా, క్లమీడియా పరీక్షలు కూడా అవసరాన్ని బట్టి చేస్తారు. ఆ పరీక్ష రాశారంటే మిమ్మల్ని అనుమానించారని కాదు.

వయసు సంగతి గట్టిగా చెప్పాలి. 40 దాటాక, ముఖ్యంగా నెలసరి ఆగిపోయాక, ఈ చోట మొదటిసారి గడ్డ కనిపిస్తే దాన్ని మామూలు తిత్తి అనుకుని వదలకూడదు. బార్తొలిన్ గ్రంథి క్యాన్సర్ అరుదు, కానీ అది ఎక్కువగా వచ్చేది ఈ వయసులోనే. చీము తీసేటప్పుడే తిత్తి గోడ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపమని అడగండి. లోపల గట్టి భాగం తగులుతుంటే ఏ వయసులోనైనా అడగండి.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. చూస్తే కొంచెమే వాపు, కానీ నొప్పి భరించలేనంత, ఎరుపు గంటల్లో తొడ వైపో పొట్ట వైపో పాకుతోంది, చర్మం నల్లబడుతోంది, జ్వరం, నీరసం. ఇలా ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. అది చర్మం కింద పొరలను తినేసే ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మూత్రద్వారం దగ్గర

ఇక్కడ తొందరపడి ఎవరినీ గాటు పెట్టనివ్వకండి. మూత్రద్వారానికి పక్కనే, కాస్త కింద చిన్న నునుపైన ఉబ్బు ఉంటే స్కీన్ గ్రంథి తిత్తి కావచ్చు. పెద్దదైతే మూత్రం ధార పక్కకు పోతుంది, లేదా రావడానికి కష్టమవుతుంది. అదే చోట, ఇంకొంచెం లోపలగా యోని పైగోడలో ఉబ్బు ఉండి, మూత్రానికి వెళ్లొచ్చాక కూడా చుక్కలు పడుతూ, మూత్రంలో మంట, కలయికలో నొప్పి ఉంటే మూత్రనాళం నుంచి బయటికి పుట్టిన సంచి అయ్యుండొచ్చు. నొక్కితే మూత్రద్వారంలోంచి చీమో మూత్రమో వస్తుంది. దీన్ని తిత్తి అనుకుని కోస్తే మూత్రనాళానికి రంధ్రం పడుతుంది. ఎమ్మారై తీసి చూశాకే ముందుకెళ్లాలి.

నెలసరి ఆగిన పెద్దవాళ్లలో మూత్రద్వారం కింది అంచున ఎర్రగా, మెత్తగా ఒక చిన్న కండ కనిపించి, బట్టకు రక్తం అంటుకుంటుంటే అది కరంకిల్ అనే ప్రమాదం లేని పెరుగుదల కావచ్చు. ఈస్ట్రోజెన్ క్రీమ్‌తో చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే, గట్టిగా ఉంటే, ముక్క పరీక్ష చేయించాలి. నెలసరి ఆగాక రక్తం ఎక్కడి నుంచి వచ్చినా సరే, అది గర్భసంచి నుంచి రాలేదని ముందు తేల్చుకోవాలి. పెద్దమనిషి కాని ఆడపిల్లల్లో మూత్రద్వారం చుట్టూతా ఎర్రగా పొర బయటికి తోసుకొచ్చి రక్తం కనిపిస్తే అది మూత్రనాళం పొర జారడం. పిల్లకు ఎవరో ఏదో చేశారని ఇంట్లో గగ్గోలు పుట్టే లోపు డాక్టర్‌కు చూపించండి. అలాగని ఆ అనుమానం నిజంగా ఉంటే దాచకండి, అది కూడా డాక్టర్‌కే చెప్పండి.

బయటి పెదవుల మీద

ఇక్కడ వచ్చేవి ఎక్కువగా చర్మానికి సంబంధించినవి. ఒంటి మీద ఇంకెక్కడైనా రాగలిగేవే. చర్మం లోపల గట్టిగా, గుండ్రంగా, తెల్లగానో లేత పసుపుగానో ఒకటో అంతకంటే ఎక్కువో కనిపిస్తే అవి ఎపిడర్మల్ తిత్తులు. ఒక్కోదాని మధ్యలో చిన్న నల్ల చుక్క ఉంటుంది. లోపల ఉండేది నీరు కాదు, చర్మం రాల్చిన పొట్టు ముద్ద. ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉంటాయి. ఇబ్బంది పెట్టకపోతే వదిలేయొచ్చు. పిసికితే లోపలే పగిలి వాచి చీము పడుతుంది. కాన్పులో వేసిన కుట్ల మచ్చ మీద కూడా ఇవే వస్తాయి. అయితే ఆ మచ్చ దగ్గరి గడ్డ నెలసరి రోజుల్లో వాచి నొప్పెట్టి, తర్వాత తగ్గుతుంటే అది ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది వేరే చోట పెరగడం కావచ్చు. నెలసరి తేదీలూ, నొప్పి తేదీలూ పక్కపక్కన రాసుకుని వస్తే నా పని సగం మీరే చేసినట్టు.

షేవింగ్, వ్యాక్సింగ్ తర్వాత వెంట్రుక మొదట్లో వచ్చే సెగ్గడ్డలు కొన్ని రోజుల్లో తగ్గుతాయి. కానీ చంకల్లో, గజ్జల్లో, పిర్రల మధ్య కూడా పదేపదే గడ్డలు లేచి, చీము కారి, మచ్చలు కట్టి, చర్మం కింద సొరంగాలు ఏర్పడుతుంటే అది హైడ్రడెనైటిస్ సప్పురటైవా అనే దీర్ఘకాల వ్యాధి. శుభ్రత లేకపోవడం వల్ల రాదు. ఆ మాట పడీపడీ కుంగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. చర్మ వైద్యులకు చూపిస్తే మందులున్నాయి.

సన్నని కాడకు వేలాడే మెత్తని ముక్క స్కిన్ ట్యాగ్. మెత్తగా, చర్మం కింద జారేది కొవ్వుగడ్డ కావచ్చు. ముదురు ఎరుపు, ఊదా, నలుపు రంగుల్లో 2 నుంచి 5 మిల్లీమీటర్ల బుడిపెలు ఉండి గీరితే రక్తం వస్తే అవి రక్తనాళాల బుడిపెలు, ఆంజియోకెరటోమాలు. వీటిలో నల్లటివి ఉంటే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవడానికి ఒక్కోసారి ముక్క తీస్తాం. రెండు వైపులా చర్మం రంగులోనే చిన్న చిన్న గింజలుండి దురద పెడితే చెమట గ్రంథుల నుంచి పుట్టిన సిరింగోమాలు కావచ్చు. మధ్యలో గుంట ఉన్న నిగనిగలాడే బొడిపెలు మొలస్కమ్ అనే వైరస్‌వి.

బయటి పెదవికీ లోపలి పెదవికీ మధ్య ఉండే గాడిలో 2 సెంటీమీటర్లలోపు గట్టి బుడిపె ఒకటే ఉంటే, హైడ్రడెనోమా పాపిల్లిఫెరమ్ అని ఒకటుంది. ప్రమాదం లేనిదే. కానీ పైచర్మం చిట్లి ఎర్రటి కండ బయటపడితే చూడటానికి అచ్చం క్యాన్సర్‌లా ఉంటుంది. చూపుతో ఏదీ తేల్చకూడదనడానికి దీన్నే ఉదాహరణగా చెప్తుంటాను. దీన్ని తీసేసి పరీక్షకు పంపుతాం, అక్కడితో అయిపోతుంది.

బయటి పెదవి పైభాగాన, గజ్జ దగ్గర

ఇందాక దగ్గి చూడమన్నది దీనికోసమే. గర్భసంచిని పట్టి ఉంచే ఒక తాడులాంటి కండ పొట్టలోంచి గజ్జ గుండా బయటి పెదవి దాకా వస్తుంది. పుట్టేలోపు మూసుకుపోవాల్సిన ఒక పొర దాంతోపాటు తెరుచుకునే ఉండిపోతే అందులో నీరు చేరుతుంది. దాన్ని నక్ కాలువ తిత్తి అంటారు. అదే దారిలో పేగు దిగితే హెర్నియా. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఈ చోట ఉన్న గడ్డలో ఎవరూ సూది గుచ్చకూడదు. ముందు అల్ట్రాసౌండ్ చేయాలి. దగ్గినా, బరువెత్తినా ఉబికి, పడుకుంటే తగ్గే గడ్డ ఒక్కసారిగా గట్టిపడి, లోపలికి పోక, నొప్పీ వాంతులూ మొదలైతే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. నెలల పసిపాపకు అక్కడ ఉబ్బు కనిపిస్తే ఆలస్యం వద్దు. ఆ వయసు ఆడపిల్లల హెర్నియాలోకి అండాశయం దిగడం అరుదేమీ కాదు.

గర్భిణుల్లో బయటి పెదవి మీద మెలికలు తిరిగిన నీలి నరాలు ఉబ్బి, సాయంత్రానికి బరువెక్కి, పడుకుంటే తగ్గితే అవి ఉబ్బిన సిరలు. కాన్పయ్యాక కొన్ని వారాల్లో చాలావరకు వాటంతటవే పోతాయి.

యోని లోపలి నుంచి

యోని పక్కగోడలో, ముందు వైపుగా, నునుపుగా, నొప్పి లేకుండా ఉండే తిత్తి గార్ట్‌నర్ తిత్తి కావచ్చు. పిండదశలో ఉండి మాయమవ్వాల్సిన ఒక నాళం మిగిలిపోవడం వల్ల వస్తుంది. కొందరిలో దీనితోపాటు అదే వైపు మూత్రపిండం సరిగా ఏర్పడక ఉండొచ్చు కాబట్టి, ఒకసారి కిడ్నీల స్కానింగ్ కూడా చేయిస్తాం. చిన్నదైతే ముట్టుకోం.

పిల్లల్ని కన్న పెద్దవయసు ఆడవాళ్లు "గడ్డ బయటికొస్తోంది" అంటే ఎక్కువసార్లు అది గడ్డ కాదు. మూత్రసంచో గర్భసంచో జారి ఉంటుంది. నిలబడితే, ముక్కితే దిగుతుంది, పడుకుంటే పోతుంది. పెద్దమనిషి అవ్వాల్సిన వయసు దాటినా నెలసరి రాక, నెలనెలా కడుపునొప్పితో ఏడ్చే అమ్మాయికి యోనిద్వారం దగ్గర నీలంగా ఉబ్బు కనిపిస్తే, కన్నెపొరకు రంధ్రం లేక రక్తం లోపలే నిలిచిపోయిందని అర్థం. చిన్న ఆపరేషన్‌తో సరిపోతుంది, కానీ దాన్ని కూడా ఎవరూ సూదితో పొడవకూడదు.

ఎప్పుడు ఆగకూడదు

చోటు ఏదైనా సరే, ఈ కింద చెప్పేవాటిలో ఒక్కటున్నా "చూద్దాంలే" అనుకోకండి. రాయిలా గట్టిగా ఉండి కదలని గడ్డ. వారాల్లో పెరిగిపోతున్న గడ్డ. మానని పుండు. కారణం లేకుండా రక్తం. కొత్తగా వచ్చిన, లేదా రంగు, అంచు, సైజు మారుతున్న పుట్టుమచ్చ. మందు వాడినా తగ్గని పులిపిర్లు, నెలసరి ఆగాక మొదటిసారి వచ్చిన పులిపిర్లు. గజ్జల్లో బిళ్ల కట్టడం. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవాళ్లకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు వచ్చే ఏ కొత్త పెరుగుదలైనా.

దురద గురించి విడిగా చెప్పాలి. పెద్దవయసులో ఏళ్ల తరబడి అక్కడ దురద పెడుతూ, చర్మం తెల్లగా, పలుచగా మారుతుంటే అది లైకెన్ స్క్లెరోసస్ కావచ్చు. సరైన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌తో అదుపులో ఉంటుంది. వదిలేస్తే కొద్దిమందిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఫంగస్ క్రీములు మార్చి మార్చి రాసుకుంటూ ఏళ్లు గడిపేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ తెల్లటి చర్మం మీద గట్టి బుడిపె లేచిందంటే ముక్క పరీక్ష తప్పనిసరి.

ముక్క పరీక్ష అనగానే హడలిపోతారు. నిజానికి అది ఓపీలోనే అయిపోయే పని. ముందు మత్తు క్రీమ్ రాసి, సన్నని సూదితో మత్తు ఇంజెక్షన్ చేస్తారు. ఆ సూది మాత్రం చురుక్కుమంటుంది. తర్వాత 3 లేదా 4 మిల్లీమీటర్ల గుండ్రటి పంచ్ అనే పరికరంతో చిన్న ముక్క తీస్తారు. చాలాసార్లు కుట్టు కూడా అక్కర్లేదు. రక్తం ఆగడానికి మందు అద్దుతారు. కొన్ని రోజులు మూత్రం పోసేటప్పుడు మండుతుంది, అప్పుడు గోరువెచ్చటి నీళ్లు పోసుకుంటూ వెళ్తే ఉపశమనం. వేర్వేరు రకాల మచ్చలుంటే ఒక్కోదాని నుంచి విడిగా ముక్క తీయాలి. పుండు ఉంటే దాని మధ్య నుంచి తీస్తే చచ్చిన కణజాలమే వస్తుంది, అంచు నుంచి తీయాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, మత్తు ఇంజెక్షన్‌కు అలర్జీ ఉన్నా ముందే చెప్పండి.

స్కానింగ్ అందరికీ అవసరం లేదు. 4 గంటల దగ్గరున్న మామూలు బార్తొలిన్ తిత్తిని చూసి, పట్టి తేల్చొచ్చు. గజ్జ దగ్గరిదైతే అల్ట్రాసౌండ్, మూత్రద్వారం దగ్గరిదైనా, ఎంత లోతుకు ఉందో తెలియని పెద్ద మెత్తటి గడ్డయినా ఎమ్మారై. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అగ్రెసివ్ ఆంజియోమిక్సోమా అనే అరుదైన కంతి పైకి కొవ్వుగడ్డలాగో బార్తొలిన్ తిత్తిలాగో కనిపించి, లోపల కటి భాగంలోకి పాకి ఉంటుంది. పైపైన తీసేస్తే మళ్లీ వస్తుంది.

డాక్టర్‌కు ఏం చెప్పాలి

"కింద బాగోలేదు" అనే బదులు ఇలా చెప్పండి: "ఎడమ వైపు, 4 గంటల దగ్గర, 2 సెంటీమీటర్ల గడ్డ. మూడు నెలలుగా ఉంది. నొప్పి లేదు. ఈ నెలలో పెరిగింది." చివరి నెలసరి ఎప్పుడు, గర్భవతా, కాన్పు కుట్లు ఉన్నాయా, షుగర్ ఉందా, ఇదివరకు ఇక్కడ ఏదైనా కోశారా అన్నవి కలపండి. ఫోటో తీసుకుంటే తేదీతో ఉంచండి, కానీ ఎవరికీ పంపకుండా ఫోన్‌లో లాక్ చేసుకోండి. పరీక్షకు ముందు రోజు షేవ్ చేసుకోకండి, పౌడర్లూ క్రీములూ రాసుకోకండి. ఉన్నది ఉన్నట్టు కనిపించాలి. పరీక్షప్పుడు ఇంకో ఆడమనిషి గదిలో ఉండాలని అడగొచ్చు. నొప్పిగా ఉంటే ఆపమనొచ్చు. అద్దంలో మీకూ చూపించమనొచ్చు. ఇవన్నీ మీ హక్కులే, డాక్టర్ ఏమనుకుంటారోనని మొహమాటపడక్కర్లేదు.

ఏమీ చేయక్కర్లేదన్నారా? అయితే మళ్లీ ఎప్పుడు చూపించాలో అడగండి. ఏం మారితే అంతకన్నా ముందే రావాలో కూడా అడిగి రాసుకోండి. గడ్డను తీసేశారా? అది ఎంత చిన్నదైనా, ఎంత మామూలుగా కనిపించినా పాథాలజీకి పంపారో లేదో అక్కడే అడగండి. రిపోర్టు ఏ రోజు వస్తుందో తెలుసుకుని, ఆ రోజు మీరే వెళ్లి తెచ్చుకోండి. ఫోన్ రాలేదంటే అంతా బాగున్నట్టేనని ఊరుకోకండి. ఆ కాగితం మీద ఏం రాసుందో డాక్టర్‌తో చదివించుకుని, కాపీ ఒకటి ఇంట్లో ఫైల్లో పెట్టుకోండి.